చేతులు తెగిపోతున్నాయంది

నాగర్‌కర్నూల్‌లో మేము కొత్తగా దిగిన అద్దె ఇంటికి పోయిన వారం ఇంటర్నెట్ పెట్టారు. పెట్టడానికి వచ్చినాయన గోడకు డబ్బా బిగించి, దాని దీపాలు వెలిగేదాకా చూసి, "మేడం, ఇప్పుడు మీకు రెండు పేర్లు కనబడ్తయి. చివరల ఫైవ్ జీ అని ఉన్నది పెట్టుకోండి, జోరుగ నడుస్తది" అన్నాడు. ఫోన్‌లో రెండు పేర్లూ కనిపించాయి. నా లాప్‌టాప్‌లో ఒక్కటే కనిపించింది.

"లాప్‌టాప్ పాతదేమో మేడం. లోపల వైఫై కార్డు ఉంటది. దానికి రెండు బ్యాండ్లు పడ్తయో ఒకటే పడ్తదో చూడాలె. ఎట్ల చూసుడంటే..." అని ఆయన చెప్పబోతున్నాడు. అప్పటికే నా వేళ్లు ఆదేశాలు రాసే నల్ల కిటికీ తెరిచి, కార్డు సంగతి అడిగే ముక్క టైపు చేసేశాయి. అక్షరాల వరసలు గబగబా దిగాయి. నాక్కావలసిన వరస దగ్గర ఆగాను. బి, జి, ఎన్. అంతే. ఏ గానీ ఏసీ గానీ ఉంటే రెండో బ్యాండు పడుతుంది. లేవు.

"మీకు ఎర్కనే ఉన్నది గదా" అన్నాడాయన నవ్వి, నిచ్చెన మడుచుకుంటూ.

నేను బడిలో లెక్కలు చెప్పుకునేదాన్ని. యంత్రాల లోపలి సంగతులు నాకు పట్టవు. ఈ ఒక్క సంగతి మాత్రం వనపర్తిలో, ఒక కుట్టుమిషను పక్కన పీట మీద కూర్చుని నేర్చుకున్నాను. ఎవరికోసం నేర్చుకున్నానో ఆమె పోయిన వానాకాలంలో చనిపోయింది.

వనపర్తిలో మేమున్నది ఒక ఇంటి పై వాటాలో. కింది రెండు గదుల్లో ఆమే, వాళ్లమ్మా ఉండేవాళ్లు. శ్రీరంగాపూర్ పక్క ఊళ్లో కౌలు సేద్యం చేసుకుంటూ బతికి, తండ్రి పోయాక వనపర్తి చేరిన కుటుంబం. తల్లి జొన్నరొట్టెలు చేసి సాయంత్రాలు వీధి మలుపులో అమ్మేది. బిడ్డ ముందు గదిలో జాకెట్లు కుట్టేది. పుట్టుకతోనే ఆమెకు చెవులు వినబడవు. వాకిలికి బోర్డు లేదు. "మూగ టైలరమ్మ ఇల్లు" అంటే రిక్షావాళ్లు కూడా తెచ్చి దింపేవాళ్లు. నేను మాత్రం "అక్కా" అనేదాన్ని. వినబడదని తెలిసీ నోటితోనే పిలిచేదాన్ని.

మేము దిగిన రోజే ఆమె నాకు పేరు పెట్టింది. మాట్లాడేటప్పుడు కళ్లద్దాలు పైకి తోసుకోవడం నా అలవాటని అప్పటిదాకా నాకే తెలియదు. ముక్కు మీద వేలు పెట్టి అద్దాలు తోసినట్టు చేసి, నావైపు చూపించి నవ్వింది. అదే నా పేరు. ఇంటాయన పేరు, జారిపోయే బెల్టును పొట్టమీదికి లాక్కోవడం. కూరగాయలాయన పేరు, ఒక కన్ను మూసి తక్కెడ ముల్లు చూడటం. ఆమె పేరు బుగ్గ మీద వేలితో ఒక్క పోటు. నవ్వితే అక్కడ సొట్ట పడేది. ఆ పేరు హాస్టల్లో పెట్టారట. పాలమూరులో వినబడని పిల్లల బడిలో ఆమె పదో తరగతి దాకా చదువుకుంది.

మా ఇనుప మెట్లు ఆమె గది గోడకు ఆనుకుని ఉండేవి. నేను ఎక్కుతుంటే ఆ అదురు మిషను బల్ల మీదున్న ఆమె అరచేతికి తెలిసిపోయేది. తల ఎత్తకుండానే కిటికీలోంచి అద్దాలు తోసుకునే సైగ చేసేది. బరువుగా ఎక్కానంటే బడిలో ఏదో అయిందని గ్రహించి, దారం తెంపి, లేచి బయటికొచ్చి, ఏమైందన్నట్టు గడ్డం ఎగరేసేది.

జాకెట్ కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు ఆమె ముందు కూర్చుని మనసులోదంతా కక్కేసేవాళ్లు. వినబడదు కదా, ఎవరికీ చెప్పలేదు కదా అని ధైర్యం. ఆమె టేపు మెడలో వేసుకుని ఆ ముఖాలను చూస్తూ ఉండేది. వాళ్లు వెళ్లాక నాతో, ఈమె మొగుణ్ని తలచుకుంటే ఇక్కడ బిగుసుకుంటుంది, ఆమె కొడుకును తలచుకుంటే ఇక్కడ వదులవుతుంది అని తన ముఖంలోనే చేసి చూపించేది. మాటలు తెలియకపోయినా ఆమె అంచనా తప్పేది కాదు.

కోపం వస్తే కళ్లు మూసుకునేది. ఆమె కళ్లు మూసుకుంటే ఎదుటివాళ్ల నోరు నొక్కేసినట్టే. తల్లి చుట్టూ తిరిగి భుజం తట్టి బతిమాలినా తెరిచేది కాదు. "చూడు టీచరమ్మా, దుకాణం బంద్ పెట్టింది" అని ఆ తల్లి నాతో మొత్తుకునేది. అంతలోనే బిడ్డ ఒక కన్ను కొద్దిగా తెరిచి తల్లి ఇంకా ఉందా లేదా అని చూసి మళ్లీ మూసుకునేది.

ఫోన్‌లో మెసేజ్‌లు రాసేది. వాటిలో మాటలన్నీ ఉండేవి గానీ ఏ మాట ఎక్కడ ఉండాలో అక్కడ ఉండేది కాదు. "నువ్వు బడి అలసట వచ్చె చాయ్ ఉంది కింద." మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత నాకూ అట్లా రాయడమే అలవాటైంది. "నేను చాయ్ వచ్చె."

తల్లితో ఆమెకున్న సైగలు పదో పదిహేనో. అన్నం, నీళ్లు, పండుకో, బయటెవరో వచ్చారు. తమ్ముడు కొత్తకోటలో హైవే మీద టైర్ల దుకాణంలో పనిచేసేవాడు. వాడికి అవి కూడా రావు. ఆమె పూర్తిగా, ఆపకుండా, మనం మాట్లాడుకున్నట్టు మాట్లాడగలిగే మనిషి ఒక్కతే. హాస్టల్లో పక్క మంచం పిల్ల. ఆమెకూ వినబడదు. ఇటిక్యాలలో ఉంటుంది, పత్తి చేలలో, మిరప చేలలో కూలికి పోతుంది. కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంది కాబట్టి ఆమె పేరు కనుబొమ్మను వేలితో గీయడం.

వాళ్లిద్దరూ వీడియోలోనే కలుసుకునేవాళ్లు. ఇటిక్యాలలో ఇంట్లో సిగ్నల్ రాదు. అందుకని స్నేహితురాలు మిద్దెక్కి, ఫోన్ను పిట్టగోడకు ఆనించి కూర్చునేది. ఇక్కడ ఈమెకు ఫోన్ తెర చిన్నదైపోయిందని తమ్ముడు ఎక్కడో పాత లాప్‌టాప్ సంపాదించి తెచ్చాడు. మిషను బల్ల మీద దాన్ని పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి కాల్ నడుస్తూ ఉండేది. పొద్దుగూకకముందే ముగించేది. చీకటి పడితే ఆమె గోడ పట్టుకుని నడిచేది. "చిన్నప్పటి సంది రేచీకటి. మునగాకు పెట్టినం, కార్జం పెట్టినం, పోలే" అనేది తల్లి.

నేను ఆ పీట మీద కూర్చుని వాళ్లను చూస్తుండేదాన్ని. ముందు వేగానికి కళ్లు తిరిగేవి. మెల్లగా అక్కడొకటి ఇక్కడొకటి అందడం మొదలైంది. ఆమే ఆపి ఆపి నేర్పింది. ఒక సైగ నాకు వచ్చేదాకా వదిలేది కాదు. తప్పు చేస్తే తెర మీది స్నేహితురాలికి చూపించి ఇద్దరూ కలిసి నవ్వేవాళ్లు.

ఇంటర్నెట్ మా పై వాటాది. కిందికి వైరు వేశాం గాని కోతులు రెండుసార్లు తెంపేశాయి. ఇక గాలిలోంచే అందుకోవాల్సి వచ్చింది. పక్కింట్లో ట్యూషన్, ఎదురుగా జిరాక్సు దుకాణం, ఇంటింటికీ ఒక డబ్బా. సాయంత్రమైతే బొమ్మ నిలిచిపోయేది. మాటల మనుషులకు బొమ్మ నిలిచినా గొంతు వస్తుంది. వీళ్లకు బొమ్మే గొంతు. స్నేహితురాలి చెయ్యి గాలిలో లేచి అక్కడే గడ్డకట్టేది. కదిలేసరికి వాక్యం అయిపోయి ఉండేది. ఈమె మళ్లీ చెప్పమనేది, ఆమె మళ్లీ చెప్పేది, మళ్లీ నిలిచేది.

ఆ ఎండాకాలం ఆమె కొత్త ఫిర్యాదు మొదలుపెట్టింది. స్నేహితురాలి చేతులు తెగిపోతున్నాయంది. తన మణికట్టు మీద రెండో చేత్తో కత్తెర ఆడించి, తెర అంచులు చూపించింది. అంచులకు పోగానే చేతులు మాయమవుతున్నాయి, సగం మాటలు పోతున్నాయి. నేను నెట్టు దోషమే అనుకున్నాను. కనెక్షను ఆయన్ను పిలిపించాను.

ఆయన వచ్చి చూసి, "అటు దిక్కు సిగ్నల్‌కు మనమేం చేయలేం. ఇటు దిక్కు సాఫు చేద్దాం. మీ డబ్బా రెండు బ్యాండ్లది. ఈ లాప్‌టాప్‌కు ఒకటే పడ్తున్నట్టుంది. చూద్దాం కూసోండి" అన్నాడు. పీట మీద కూర్చోబెట్టి నాతోనే టైపు చేయించాడు. ఆమె నా భుజం మీదుగా వంగి నా వేలు ఎక్కడుంటే అక్కడ చూస్తోంది. బి, జి, ఎన్.

ఏమిటని గడ్డం ఎగరేసింది. నాకు వచ్చిన సైగలతో చెప్పాను. ఒకటే రోడ్డు. లారీ, బస్సు, ఆటో, ఎద్దులబండి అన్నీ దాని మీదే. ఇంకో రోడ్డుంది, ఖాళీ. కానీ మన బండికి ఆ రోడ్డెక్కే చక్రం లేదు.

ఆమె ముఖం వెలిగింది. అప్పటికప్పుడు స్నేహితురాలికి కాల్ చేసి అదే సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నేను చెప్పింది నాలుగు సైగలు. ఆమె చేతుల్లో అది కొత్తకోట చౌరస్తా అయిపోయింది. లారీ డ్రైవరు మీసం, అడ్డంగా పడుకున్న బర్రె, బస్సు మెట్ల మీద వేలాడే కండక్టరు, మధ్యలో ఇరుక్కుని కదలలేక చెమటలు కక్కుతున్న స్నేహితురాలి బొమ్మ. తెర మీద స్నేహితురాలు పిట్టగోడ మీద వాలిపోయి నవ్వింది. కనెక్షనాయన కూడా స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడి చూశాడు.

మూడోనాడు ఆయనే గోరంత పరికరం తెచ్చి లాప్‌టాప్ పక్కన గుచ్చాడు. ఇది పెడితే రెండో బ్యాండు పడుతుందన్నాడు. ఆ బ్యాండు గోడలు దాటలేదని, మా డబ్బాను కూడా ఆమె గదిలోకి దింపాడు. రెండో పేరు కనిపించింది. నొక్కాను.

బొమ్మ అద్దంలా వచ్చింది. స్నేహితురాలి వెనక ఆరబోసిన మిరపకాయలు కనిపించాయి. పిట్టగోడ మీద చీమల బారు కూడా కనిపించింది. ఇక్కడ ఆమె రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. వాళ్లు మొదలుపెట్టారు. ఒక్కసారీ నిలవలేదు.

కాసేపటికి ఆమె లాప్‌టాప్‌ను వెనక్కి తోసింది. ఇంకాసేపటికి గోడ దాకా తోసింది. తర్వాత కుర్చీనే వెనక్కి జరుపుకుంది. తలుపు దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి కళ్లు చికిలించి చూస్తోంది. తెగిపోతున్నాయి అంది నాతో. మణికట్టు మీద కత్తెర.

నేను తెర చూశాను. రెండు చేతులూ నిండుగా ఉన్నాయి. ఉన్నాయి చూడు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

నేను వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాను. నా రెండు చేతులు పక్కలకు చాపి వేళ్లు ఆడించాను. ఆమె నా ముఖమే చూస్తోంది. మొదలుపెట్టు అన్నట్టు గడ్డం ఎగరేసింది. నా చేతులు ఆడుతున్నట్టు ఆమెకు తెలియదు. నెమ్మదిగా చేతులు దగ్గరికి తెచ్చాను. భుజాల దాకా వచ్చాయి. కనిపించలేదు. చెవుల దాకా వచ్చాయి. బుగ్గల దాకా వచ్చాక ఆమె ఉలిక్కిపడింది, ఎక్కడి నుంచి ఊడిపడ్డాయన్నట్టు.

నేను చేతులు దించేశాను. ఆమె మాత్రం ఆగలేదు. తన కుడి అరచేతిని చెవి పక్క నుంచి మెల్లగా ముందుకు తెచ్చుకుంది. కనిపించిన చోట ఆపింది. ఎడమది అట్లాగే తెచ్చి ఆపింది. రెండు అరచేతుల మధ్య మిగిలిన ఆ కొంచెం జాగాలోంచి నన్ను చూసింది. మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. తెర మీద స్నేహితురాలు ఏమైంది, ఏమైంది అని అడుగుతూనే ఉంది, బొమ్మ ఎక్కడా నిలవకుండా.

హైదరాబాద్ కంటి దవాఖానకు నేనూ తల్లీ తీసుకెళ్లాం. అన్నీ చూశాక డాక్టరు మెత్తగానే చెప్పాడు. పుట్టుకతో వచ్చిన జబ్బు, చెవులకూ కళ్లకూ కలిపి వచ్చింది, చూపు చుట్టూ నుంచి మూసుకుంటూ వస్తుంది, మందు లేదు. తల్లి నా ముఖం చూసింది. ఆమె కూడా నా ముఖమే చూసింది. ఈ మాటలకు సరిపోయే సైగలు నా దగ్గర లేవు. సంచిలోంచి కాగితం తీసి గుండ్రం గీశాను. లోపల చిన్న గుండ్రం. దాని లోపల ఇంకా చిన్నది. నా చెయ్యి ఆగిపోయింది. ఆమె నా దగ్గర పెన్ను తీసుకుని నడిమధ్యలో చుక్క పెట్టి తలెత్తింది.

అవునన్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పొలాలు, గుట్టలు, దాబాలు, లారీల వెనక రాతలు, తల ఇటూ అటూ తిప్పి తిప్పి ఒక్కొక్కటీ చూసింది. తల్లి నిద్రపోయింది, నేనూ కునికాను. ఆమె కళ్లు మూయలేదు.

ఆ వారమే స్నేహితురాలు ఇటిక్యాల నుంచి వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఇద్దరూ ఒక గదిలో ఉన్నారు. ఏడుస్తారనుకున్నాను. స్నేహితురాలు చెప్పులు విడిచి, నీళ్లు తాగి, ఆమె ఎదురుగా చాప మీద కూర్చుని పనిలోకి దిగింది. జాకెట్ లైనింగు ముక్క ఒకటి తీసి ఆమె కళ్లకు గంతలు కట్టింది. తన చేతులను ఆమె చేతుల్లో పెట్టి సైగ చేసింది. చూడ్డం కాదు, తడిమి చదవాలి. మొదట ఏదీ అందలేదు. ఆమె గంతలు పీకేసింది. స్నేహితురాలు మళ్లీ కట్టింది. మళ్లీ పీకేసి, ఈసారి కళ్లు మూసుకుంది, దుకాణం బంద్. స్నేహితురాలు ఊరుకోలేదు. మూసుకున్న కళ్లే కదా కావాలి అన్నట్టు, ఆమె చేతులు లాక్కుని వాటిలో ఏదో చెప్పింది. మూసిన కళ్లతోనే ఆమెకు నవ్వొచ్చింది. అర్థమైంది కాబట్టి నవ్వొచ్చింది.

అన్నాల వేళకు స్నేహితురాలు తల్లివైపు తిరిగి, రెండు అరచేతులతో రొట్టె తట్టినట్టు చేసింది. తల్లి గబుక్కున లేచింది. "ఆకలైతుందేమో పిల్లకు, రొట్టెలు తెస్త ఉండు" అని వంటింట్లోకి పోబోయింది. స్నేహితురాలు నవ్వి కాదని చేతులూపింది. మళ్లీ రొట్టె తట్టి, వేలితో తల్లినే చూపించింది. నాకప్పుడు అర్థమైంది.

"అమ్మా, అది రొట్టె కాదు. నీ పేరు. అక్క నిన్ను పిలిచే పేరు అది. హాస్టల్ల పెట్టుకుందట."

"నా పేరా? చిన్నప్పుడు సెలవులకు ఇంటికొచ్చిన కాడి నుంచి గట్లంటది. ఆకలైతుందని నేను రొట్టె పెట్టుకుంటనే వస్తి."

"మరి తినేదా?"

"తింటుండె. ఎప్పుడు పెట్టినా తింటుండె."

ఆమె వాళ్లమ్మ ముఖం చూసి, ఏం మాట్లాడుకున్నామో పోల్చుకుని, తప్పుచేసిన పిల్లలా తల వంచుకుని నవ్వింది. తల్లి వచ్చి ఆమె ముందు కూలబడి, జీవితమంతా రొట్టెలు తట్టిన అరచేతులను ఆమె ఒడిలో పెట్టింది.

ఆ తర్వాత నెలనెలా స్నేహితురాలు వచ్చేది, పనులు లేనప్పుడు రెండేసి రోజులుండేది. మధ్యలో వీడియో ఉండనే ఉంది. ఆమె కుర్చీ తలుపు దగ్గరే స్థిరపడింది, అక్కడి నుంచైతే చేతులు రెండూ తన గుండ్రంలో పడతాయి. జాకెట్లు కుట్టడం ఆపలేదు. సూదిని చూసి కాదు, వేళ్లతో తడిమి కుట్టేది. ఒకరోజు నన్ను పిలిచి, తన కళ్లకు తనే గంతలు కట్టుకుని చేతులు చాచింది. నేను భయపడుతూ ఆమె అరచేతుల్లో, బడి అలసట చాయ్ వచ్చె అన్నాను. ఆమె గంతలు తీయకుండానే పొయ్యి వైపు చూపించింది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. ఊరంతా జ్వరాలే, తగ్గుతుందిలే అనుకున్నాం. తగ్గలేదు. తమ్ముడు కొత్తకోట నుంచి బండి మాట్లాడుకుని వచ్చి దవాఖానలో చేర్పించాడు. నేను వెళ్లేసరికి ఆమె కుడిచేతికి సెలైను సూది గుచ్చి, కదలకుండా అట్ట కట్టి ఉంది. ఆమె ఎడమచేత్తో ఏదో చెబుతోంది, ఎవరికీ అందడం లేదు. జ్వరం తీవ్రతకు కళ్లు తెరవలేకపోతోంది.

"సిస్టరమ్మా, జర ఈ సూది ఆ చేతికి మార్చు. ఆమె మాట్లాడేది ఈ చేత్తోనే" అన్నాను.

నర్సు ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, తర్వాత గబగబా వచ్చింది. "అయ్యో, గట్లనా. ముందుగాల చెప్పొద్దా" అంటూ అట్ట విప్పి, సూది ఎడమ చేతికి మార్చింది. కుడిచెయ్యి విడుదలవగానే ఆమె కనుబొమ్మ మీద వేలితో గీసుకుంది. మళ్లీ గీసుకుంది.

ఇటిక్యాలకు కబురు చేశాం. స్నేహితురాలు తెల్లవారి మొదటి బస్సుకు వచ్చింది. తడిసిన చీరతోనే మంచం అంచున కూర్చుని ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మూసిన కళ్లతోనే ఆమె ముఖం విచ్చుకుంది. పొద్దెక్కేదాకా వాళ్ల చేతులు ఒకదాని మీద ఒకటి మెల్లగా కదులుతూనే ఉన్నాయి. చూసేవాళ్లు ఒళ్లు పడుతోందనుకున్నారు. అవతలి మంచం ముసలామె, "ఎంత మంచి చెల్లెలమ్మా, ఎంతసేపటి సంది చెయ్యి పిసుకుతున్నది" అంది. నాకు కొన్ని మాటలు అందేవేమో. నేను చూడలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ఆమె చెయ్యి నిద్రపోయింది. మళ్లీ లేవలేదు. పొద్దుగూకే లోపల పోయింది.

వీధిలో కొందరు, చూపు పూర్తిగా పోకముందే పోయింది, అదృష్టవంతురాలు అన్నారు. నేనట్లా అనుకోలేకపోయాను. చీకట్లో మాట్లాడుకునేందుకు ఎంత కష్టపడి సిద్ధమైందో నేను చూశాను.

తర్వాత మా ఆయనకు నాగర్‌కర్నూల్ బదిలీ అయింది. సామాన్లు, కొత్త బడి, ఈ సందడిలో పడ్డాం. పోయిన వారం కనెక్షనాయన వెళ్లిపోయాక, బి, జి, ఎన్ అన్న ఆ వరస ముందు కాసేపు కూర్చుని, వాళ్లమ్మకు ఫోన్ చేశాను.

"యాడున్నవమ్మా?"

"ఇటిక్యాలల ఉన్న బిడ్డా, ఆ పిల్ల కాడ. పత్తి ఏరనీకి వచ్చి ఉండిపోయిన."

"అక్కడ ఎవరితోని మాట్లాడుతున్నవు?"

"ఎవరితోని మాట్లాడుత. పొద్దుందాక ఇద్దరం ఒకరినొకరం చూసుకుంట కూసుంటం. నీతోని పని ఉన్నది. ఒక్కపారి రా."

మొన్న ఆదివారం వెళ్లాను. కొత్తకోటలో బస్సు మారి, కృష్ణ వంతెన దాటి, ఇటిక్యాలలో దిగేసరికి స్నేహితురాలు చర్చి నుంచి అప్పుడే వచ్చింది. ముగ్గురం మిద్దెక్కాం. తెర మీద అన్నాళ్లు చూసిన పిట్టగోడ నిజంగా చూసేసరికి చాలా పొట్టిగా ఉంది. మిద్దె మీద పత్తి ఆరబోసి ఉంది.

తల్లి నన్ను తమ ఇద్దరి మధ్యా కూర్చోబెట్టింది. "బిడ్డా, అది ఈ పిల్లతోని ఇన్నేండ్లు ఏం మాట్లాడుతుండెనో నాకు చెప్పు. గంతే పని. నాకు ఇంకేం వద్దు."

నేను అడిగాను. స్నేహితురాలు తల్లివైపు తిరిగి కూర్చుంది. తర్వాత చెప్పసాగింది. అందనివి మళ్లీ అడిగి, అందినవి అందినట్టు నేను నోటితో చెప్పాను.

హాస్టల్లో టీవీ ఉండేదట. ఆదివారం సినిమా వచ్చేది. ఎవరికీ వినబడదు కదా, కథ తెలియదు. సినిమా అయిపోయాక ఈమె గోడకు ఆనుకుని నిలబడి కథంతా సొంతంగా కల్పించి చెప్పేదట. హీరో అమ్మను అత్తను చేసేది. విలన్‌ను మంచివాణ్ని చేసేది. చచ్చిపోయినవాళ్లను లేపేది. పిల్లలంతా చుట్టూ కూర్చునేవాళ్లు, అన్నం చల్లారిపోతుందని వంటామె గరిటె పట్టుకుని వచ్చి, ఆమె కూడా నిలబడిపోయేది. మేష్టార్లు చేతులు ఆడించొద్దు, నోటితో పలకండి అని క్లాసులో చేతులు కట్టించి కూర్చోబెట్టేవాళ్లు. ఈమె బెంచీ కింద కాలివేళ్లతో జోకులు చెప్పేది. నవ్వినవాళ్లకు దెబ్బలు పడేవి, ఈమెకు పడేవి కావు.

"మా బిడ్డనా?" అంది తల్లి. "మా బిడ్డ గురించేనా చెప్తున్నది?"

అవునంది స్నేహితురాలు. ఇంకా చెప్పింది. రోజూ వీడియోలో వనపర్తి వీధినంతా తెచ్చి ఈ మిద్దె మీద పోసేదట. ఇంటాయన బెల్టు, ట్యూషను పిల్లల పరుగులు, నేను ఇనుప మెట్లు ఎక్కే తీరు. అన్నింటికంటే ఎక్కువగా తల్లి గురించి. రొట్టెలు అమ్ముకుని వచ్చి చెంగులో చిల్లర మరిచిపోయి ఇల్లంతా వెతికేది. కోతితో పోట్లాడి గెలిచింది. నిద్రలో నోరు తెరుస్తుంది. అప్పుడు నవ్వుతూ ఏదో అంటుంది, పెదవులు కదులుతాయి, ఏమంటుందో తెలుసుకోవాలని దగ్గరికి వెళ్లి చూస్తాను, తెలియదు అనేదట.

అది చెబుతూ స్నేహితురాలు తనే తల్లిగా పడుకుని చూపించింది. ఆ పడక, ఆ తెరిచిన నోరు అచ్చంగా అక్క చేసి చూపించినవేనని నాకు తెలిసిపోయింది. తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చాలాసేపు తెలియలేదు.

"ఊరంత మూగదనిరి" అంది చివరికి. "నేను గూడ గట్లనే అంటి. మూగపిల్ల, నోరులేని పిల్ల అనుకుంట సాదుకున్న. గింత మాటకారి అని నాకు తెల్వకపాయె గదా బిడ్డా."

అమ్మ ఏమందని స్నేహితురాలు నన్ను అడిగింది. చెప్పాను. ఆమె పత్తి మీదుగా వంగి తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది.

తల్లి కళ్లు తుడుచుకుని, నా భుజం పట్టి స్నేహితురాలి వైపు తిప్పింది.

"ఇంకేమేం అన్నదో అడుగు. ఇంకా పొద్దు ఉన్నది."